మక్క బెండు

బండి స్టార్టయింది. గేరు పడలేదు.

మూడు రోజుల పని, నాలుగు జతల చేతులు, ఒక కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు. ఇవన్నీ ఖర్చయ్యాక ఆదివారం పొద్దుగూకే వేళ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజను రెండు మూడుసార్లు మూలిగి అందుకుంది. వాకిట్లో చూడవచ్చిన పదిమంది వైపు తిరిగి నవ్వాను కూడా. క్లచ్చు తొక్కి ఒకటో గేరు తోశాను. కర్ర్‌ర్‌ర్. మళ్లీ తోశాను. అదే చప్పుడు, ఇంకొంచెం గట్టిగా. మా ఊరి పిల్లలు ఏ చప్పుడునైనా ఎంత బాగా అనుకరిస్తారో ఆ వారంలో తెలిసింది. నేను బజారుకు బయల్దేరితే చాలు, ఏదో ఒక సందులోంచి ‘కర్ర్‌ర్’ వినిపించేది.

కానీ ఆ చప్పుడు దగ్గర మొదలుపెడితే నా తెలివితక్కువతనం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని కొంచెం వెనక్కి పోవాలి.

నేను ఫిజిక్సు సారును. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బళ్లలో చెప్పి రిటైరయ్యాను. మాది జఫర్‌గఢ్. జఫరుద్దౌలా పేరు మీద ఈ పేరు వచ్చిందంటారు. ఊరికి అంతకుముందున్న వేల్పుకొండ అనే పేరు గుట్టకు మిగిలింది. 2016 అక్టోబరు 11న మమ్మల్ని వరంగల్ జిల్లాలోంచి తీసి జనగామ జిల్లాలో కలిపారు. కాగితాల మీద జిల్లా మారినా మా పత్తి, మా మక్కలు, మా రోగాలు ఇప్పటికీ వరంగల్ బాటే పడతాయి. ఆ బాట మీదే నాలుగు రూపాయలు రాలతాయని రిటైరైన డబ్బులో కొంత పెట్టి ఏపీ 36 నంబరున్న పాత డీసీఎం ఒకటి కొన్నాను.

డీసీఎం అన్నానే గానీ, అది డీసీఎం కాదు. ఢిల్లీ క్లాత్ మిల్స్ వాళ్లు 1980లలో టయోటాతో కలిసి చేసిన చిన్న లారీల పేరు అది. ఆ లారీలు రావడం ఆగిపోయి ఏళ్లు గడిచాయి. మా దిక్కు మాత్రం లారీకి చిన్నది, ఆటో ట్రాలీకి పెద్దది ఏదొచ్చినా డీసీఎమ్మే. నా బండి ముందు ఇంకో కంపెనీ పేరుంది. ఆ పేరు ఇక్కడ అక్కర్లేదు. పాపం, ఈ కథలో దాని తప్పేమీ లేదు.

నడిపేవాడు ఉప్పుగల్లు పిల్లవాడు. పిల్లవాడంటే ముప్పై దాటినవాడే, కానీ నా దగ్గర పదో తరగతి చదివినవాడు కాబట్టి నాకు పిల్లవాడే. మాట తక్కువ. రాత్రి బండి పెట్టాక ఇంజను వెనకభాగం కింద, సగానికి కోసిన నూనె డబ్బా ఒకటి పెట్టి పోయేవాడు. పొద్దున తీసి పక్కన పెట్టేవాడు. వాకిలి పాడు కాకుండా చూస్తున్నాడని మురిసిపోయాను. డబ్బాలోకి ఒక్కనాడూ తొంగి చూడలేదు.

దసరా పోయి పత్తి ఏరడం ఊపందుకున్న రోజులు. ఎనుమాముల మార్కెట్‌కు రోజు విడిచి రోజు లోడు. ఒక సాయంత్రం వచ్చి చెప్పాడు:

“సారూ, చెరువు కట్ట ఎక్కేకాడ ఇంజను మొత్తుకుంటుంది గని బండి ఉరుకుత లేదు.”

నాలుగో గేరులో ఎక్సలేటరు తొక్కితే చప్పుడు పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు. పైగా కాలిన వాసన. క్లచ్చు జారుతోందని చెప్పడానికి మేస్త్రి కానక్కర్లేదు.

“కాలు క్లచ్చు మీదనే పెట్టి నడుపుతున్నవ్,” అన్నాను.

“లేదు సారూ.”

“మరి ప్లేటు దానంతట అదే అరిగిందా?”

ఏదో చెప్పబోయాడు. నేను కుడిచెయ్యి పైకెత్తాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆ చెయ్యి అట్లా లేస్తే నలభై నోళ్లు మూతపడేవి. అతని నోరూ మూతపడింది.

క్లచ్చు ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. ఇసుర్రాయిని తలచుకోండి. ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీలు, ఒక రాయి. దానికి బిగించిన ప్రెజర్ ప్లేటు రెండో రాయి. ఇసుర్రాయిలో పైది తిరిగితే కిందిది ఊరుకుంటుంది, ఇక్కడ రెండూ కలిసే తిరుగుతాయి. ఈ రెండింటి నడుమ నలిగేది క్లచ్ ప్లేటు. దాని బొడ్డులోని పళ్లలోకి గేరుబాక్సు షాఫ్టు దూరి ఉంటుంది. స్ప్రింగు బలానికి ప్లేటు రాళ్ల మధ్య బిగిసి ఉన్నంతసేపు ఇంజను తిప్పుడు చక్రాలకు అందుతుంది. పెడలు తొక్కితే రిలీజ్ బేరింగు వచ్చి ప్రెజర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది, పట్టు సడలుతుంది, గేరు మార్చుకుంటాం. మొత్తం ఘర్షణ మీద నడిచే బేరం. స్పర్శా వైశాల్యంతో పనిలేదు, నొక్కే బలమే లెక్క అని 1699లో అమాంటన్స్ చెప్పిన సంగతి ఎనిమిదో తరగతి వాళ్లకు ఏటా చెప్పేవాణ్ణి. పొడి లైనింగుకు ఘర్షణ గుణకం 0.3, 0.4 దగ్గర ఉంటుంది. నూనె తగిలితే అందులో మూడో వంతుకు కూడా పడిపోవచ్చు. అది కూడా చెప్పేవాణ్ణి, బోర్డు మీద గీత గీసి మరీ.

వర్ధన్నపేటలో అడిగితే సామాను రూ.9,000, కూలి రూ.4,500 అన్నారు. సామాను సరే. నట్లు విప్పి నట్లు బిగించడానికి నాలుగున్నర వేలా? ఫోనులో రెండు వీడియోలు చూశాను. అందులో ఒకాయన చొక్కా నలక్కుండా పని ముగించాడు. ఇంత చదువుకున్నవాణ్ణి, నాకేం తక్కువ అనిపించింది. సామాను ఖర్చులో రూ.6,000 మాత్రం డ్రైవరు జీతంలోంచి నెలకు రూ.2,000 చొప్పున కోస్తానన్నాను. “నీ కాలు చేసిన పని” అన్నాను. తలూపాడు. చదువు చెప్పిన సారుతో ఏం వాదిస్తాడు?

శుక్రవారం మొదలుపెట్టాం. బండిని జాకీతో లేపి, మొద్దులు దొరక్క రెండు బండరాళ్లు పెట్టి కిందికి దూరాను. ఇప్పుడు తలచుకుంటే వీపు జలదరిస్తుంది. రాయి పగిలితే ఈ స్వగతం ఇంకెవరో సంతాప సభలో చెప్పాల్సి వచ్చేది. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు. విప్పేముందు గీత పెట్టుకోవాలని డ్రైవరు సుద్దముక్క తెచ్చాడు. “నాలుగు బోల్టులు, నాలుగు తొర్రలు. ఎట్ల పెట్టినా అదే షాఫ్టు,” అన్నాను. జన్మంతా సుద్దముక్క పట్టుకుని బతికినవాణ్ణి, ఆ రోజు సుద్దముక్క వద్దన్నాను. లాగేటప్పుడు నడుమ జారే జాయింటు కూడా ఊడి చేతికొచ్చింది. ఎట్లా ఉండేదో చూడకుండానే పక్కన పెట్టాను.

గేరుబాక్సు దించడానికి ట్రాక్టరు ట్యూబులో గాలి కొట్టి కింద పరిచాం. ఆ ఆలోచన నాది, బ్రహ్మాండంగా పనిచేసింది. ఈ మొత్తం కథలో నన్ను మెచ్చుకోదగ్గ చోటు ఇదొక్కటే కాబట్టి ఆగి చెప్పుకున్నాను.

హౌసింగు లోపల నల్లటి దుమ్ము. నోటితో ఊదాను. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేదనీ, ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్లు గడిచాక రోగమై బయటపడుతుందనీ నాకు తెలుసు. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం మీద 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వార్తను పేపర్లోంచి కత్తిరించి బడి నోటీసు బోర్డుకు అంటించినవాణ్ణి నేనే. తడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డ నా భుజం మీదే ఉంది. ఊదితే పోయింది కొంతే. అడుగున దుమ్ము ముద్దకట్టి అంటుకుని ఉంది. దాన్ని స్క్రూ డ్రైవరుతో గీకి పారేశాను.

పాత ప్లేటు బయటికొచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. “చూడు, ఎట్ల మాడిందో,” అని అతని ముఖం ముందు పెట్టాను. దసరాకు కొత్తగా సున్నం వేయించిన షెడ్డు గోడకు ఒక మేకు కొట్టి ఆ ప్లేటును తగిలించాను. రోజూ బండి తీసేటప్పుడు అతనికి ఎదురుగా కనబడాలని.

కొత్తది ఎక్కించడం శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా సాగింది. ప్లేటును సరిగ్గా నడిమధ్య నిలబెట్టడానికి పాత షాఫ్టు ముక్క లాంటిదేదో కావాలి. నేను చింతకొమ్మ చెక్కాను. గేరుబాక్సు అరంగుళం దూరంలో మొరాయించింది. బోల్టులు బిగిస్తూ పోతే అదే లోపలికి వస్తుందని పానా పట్టుకున్నాను. అట్లా బిగిస్తే గేరుబాక్సు బరువంతా ప్లేటు బొడ్డు మీద పడి వంగుతుందని తర్వాత తెలిసింది. డ్రైవరు మారుమాట్లాడకుండా గేరు వేసి, వెనక ఫ్లాంజిని చేత్తో కొద్దిగా తిప్పాడు. పళ్లు కుదిరి గేరుబాక్సు గుటుక్కున లోపలికి పోయింది.

“నేనూ అదే చెప్పబోతున్న,” అన్నాను.

పని ముగిశాక పళ్లెంలో ఒక బోల్టు, అల్లిన రాగి పట్టీ ఒకటి మిగిలాయి. కంపెనీవాళ్లు ఎందుకైనా మంచిదని ఒకటీ అరా ఎక్కువే పెడతారు అనుకున్నాను. కొబ్బరికాయ కొట్టాం. తర్వాత సంగతి చెప్పాను కదా. కర్ర్‌ర్‌ర్.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్లేటును తిరగేసి పెట్టానేమో. దానికి ఫ్లైవీలు వైపు వేరు, గేరుబాక్సు వైపు వేరు. ఏ వైపు పెట్టానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. “గాలి తీయాల్నేమో సారూ,” అని డ్రైవరు అప్పటికే అన్నాడు. “నాకు తెల్వదా, నువ్వు పో ఇంటికి,” అని పంపించేశాను. నిజంగా తెలియదు. పైపు ఊడదీసి మళ్లీ బిగించి, డబ్బా నిండా ఆయిలు పోస్తే అయిపోయిందనుకున్నాను.

సోమవారం పొద్దున మా ఆవిడను కేబిన్లో కూర్చోబెట్టి పెడలు మీద కాలు పెట్టమన్నాను. నేను కింద పడుకుని స్లేవ్ సిలిండరు దగ్గర నట్టు పట్టుకున్నాను. “తొక్కు.” తొక్కింది. నట్టు వదులు చేశాను, బుడగలు వచ్చాయి. “ఇడువు.” విడిచింది. బిగించాను. ఇట్లా గంటసేపు. బుడగలు తగ్గవు, పెడలు కింది దాకా మెత్తగా పోతూనే ఉంది. మూసిన ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ నియమాన్ని అప్పచెప్పగలను. గాలి అయితే నలిగి ఊరుకుంటుంది, ఒత్తిడిని ముందుకు పోనివ్వదు. అదీ చెప్పగలను. చెప్పగలను, అంతే.

“ముప్పై ఐదేండ్ల సంది నువ్వు తొక్కుమంటె తొక్కిన, ఇడువుమంటె ఇడిసిన,” అంది ఆవిడ పైనుంచి. “నేను కాలు ఇడిసినంక నువ్వు నట్టు బిగిస్తున్నవు గద. మందుకొట్టే పిచికారి మూతి నీళ్లల్ల లేకుండ పిడి ఎనుకకు గుంజితె గాలే వొస్తది. ముందు నట్టు బిగియ్యి, నేను అటెనుక ఇడుస్త.”

పావుగంటలో పెడలు గట్టిపడింది. గేరు వెన్నలా పడింది. నేను ఊళ్లో చెప్పుకున్నది మాత్రం “హైడ్రాలిక్స్ కొంచెం సెట్ చేశాను” అని.

మంగళవారం తాళం తిప్పితే టక్. అంతే. బ్యాటరీ పోయిందన్నాను. కొత్త బ్యాటరీ తెచ్చాను. మళ్లీ టక్, ఈసారి ఎక్సలేటరు తీగ పైతొడుగులోంచి సన్నగా పొగ. పక్కింటి ట్రాక్టరు అబ్బాయి వంగి చూసి, “సారూ, గీడ ఎర్తు పట్టీ ఉండాలె, ఏది?” అన్నాడు. ఇంజనునూ ఛాసీనీ కలిపే ఆ పట్టీ లేకపోతే, సెల్ఫు మోటారు లాగే కరెంటంతా పాపం ఏ సన్నని తీగ దొరికితే దాని గుండా తిరిగి పోతుంది. మొదటి రోజు ఇంజను మూలిగింది అందుకే. ఓమ్ నియమం కూడా నా సిలబస్‌లోనిదే. రాగి పట్టీ కోసం ఇల్లంతా వెతికితే, మా మనవడు దాన్ని కుక్కపిల్ల మెడకు పట్టెడగా కట్టి ఉన్నాడు. కుక్క ఇవ్వనంది.

ఆ తర్వాత వణుకు. నలభై దాటితే బండి అడుగు నుంచి సీటు దాకా జ్వరం పట్టినట్టు వణికేది. టైర్లన్నాను. రెండు టైర్లు మార్చాను. వణుకు తగ్గలేదు. రోడ్డన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒక్క నా చేతులు తప్ప ఆ బండికి సంబంధించిన ప్రతిదాన్నీ అనుమానించాను. ఒకరోజు ఉన్నట్టుండి వణుకు ఆగిపోయింది. పంచాయతీరాజ్ వాళ్లు రోడ్డు బాగుచేశారేమోననుకున్నాను. చాలా రోజుల తర్వాత తెలిసింది. ఒక పొద్దున నేను నిద్ర లేవకముందే డ్రైవరు కింద దూరి, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటును విప్పి రెండు చివరల కొంకులు ఒకే వరసలోకి వచ్చేట్టు తిప్పి పెట్టాడట. నాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు.

మూడు నెలలు గడిచాయి. అతని జీతంలో మూడో కోత కూడా అయింది. ఐనవోలు మల్లన్న జాతర రోజుల్లో, మక్కల లోడుతో కట్ట ఎక్కుతుంటే ఇంజను మళ్లీ మొత్తుకుంది. అదే నాలుగో గేరు, అదే వాసన.

“రెండో ప్లేటు గూడ తిన్నవా?” అన్నాను. వాకిట్లో ముగ్గురు హమాలీలు ఉన్నారు. వాళ్ల ముందే అన్నాను.

అతను ఏమీ అనలేదు. షెడ్డులోకి పోయి, పాత ప్లేటు వేలాడుతున్న ఆ మేకుకే బండి తాళాలు తగిలించి, నూనె డబ్బాను కాలితో పక్కకు జరిపి, వెళ్లిపోయాడు.

ఏడున్నర టన్నుల లోపు సరుకు బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన సంగతి నాకు కంఠతా వచ్చు. ఆ తీర్పు జేబులో ఉన్నంత ధీమాగా నేనే స్టీరింగు పట్టుకుని వర్ధన్నపేట పోయాను. దారి పొడుగునా మోపెడ్లు నన్ను దాటిపోయాయి.

మేస్త్రి నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. హ్యాండు బ్రేకు గుంజి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్చు వదిలాడు. పట్టున్న క్లచ్చయితే ఇంజను గొంతు నులిమినట్టు ఆగిపోవాలి. అది హాయిగా తిరుగుతూనే ఉంది.

“ఎవలు జేసిండ్రు సారూ ముందు?”

ఇక్కడ నేను చేసిన పని ముందు, ఇంతవరకు చెప్పినవన్నీ చిన్నవి. బోల్టు మిగలడం, గాలి తీయలేకపోవడం చేతకానితనం, అంతే. ఇది వేరు.

“హన్మకొండల ఒక మేస్త్రి,” అన్నాను.

“ఇంజను ఎనుక సీలు మార్చిండా?”

“ఆ, మార్చిండు.”

“పాత ప్లేటు మీద నూనె ఉండెనా?”

“లేదు. మొత్తం అరిగిపోయింది.”

మూడు ప్రశ్నలు, మూడు అబద్ధాలు. వైద్యుడి ముందు రోగి నాలుక దాచుకున్నట్టు. ఆయన నా మాట నమ్మాడు. సీలు మార్చారు, నూనె లేదు, కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉందని రెండు రోజులు వెతికాడు. పెడలు ఆట చూశాడు. మాస్టర్ సిలిండర్లో ఆయిలు వెనక్కి తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతే క్లచ్చు పూర్తిగా పట్టదు, అది కావచ్చని సిలిండరు విప్పి శుభ్రం చేసి కిట్టు మార్చాడు. రూ.1,800. నేను స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశాను. ఒక్క మాట చెబితే ఆ రెండు రోజులూ మిగిలేవి. ఆ ఒక్క మాటా గొంతులో అడ్డంపడింది.

మూడో రోజు గేరుబాక్సు దించాడు. నా తొమ్మిది వేల ప్లేటు బయటికొచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ. ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. మేస్త్రి లైనింగు మీదున్న రివెట్టు గుంతలో బొటనవేలి గోరు పెట్టాడు. గోరు సగం దాకా దిగింది. “అరగనే లేదు సారూ.” తర్వాత వేలు ప్లేటు మీద రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గేరాయిల్ అయితే గంధకం కంపు కొడుతుంది. ఇది కొట్టడం లేదు, మసిలా నల్లగా ఉంది. డీజిలింజను ఆయిలు. “ఎనుక సీలు కారుతుంది. మార్చిండన్నరు గద?”

నేను చాయ్ గ్లాసులోకి చూశాను.

కొత్త సీలు వేసేముందు, అసలు సీలు ఎందుకు పోయిందో చూడాలన్నాడు. నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. ఇంజను పిస్టన్ల పక్కనుంచి ఎంతో కొంత గ్యాసు కిందికి జారుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ అని ఒక గొట్టం ఉంటుంది. షాపు పిల్లవాడు ఆ గొట్టం చివర పట్టుకుని గుంజాడు. ఏదో ఊడి అతని అరచేతిలో పడింది. నల్లగా, ఉబ్బి, నూనె పీల్చి.

మక్క బెండు. గింజలు ఒలిచిన మక్క బెండు.

“గిదెవలు పెట్టిండ్రు సారూ?” అన్నాడు మేస్త్రి. “హన్మకొండ మేస్త్రేనా?”

ఆ వానాకాలం వాకిలికి కొత్తగా గచ్చు చేయించాను. బ్రీదర్ చివరనుంచి నూనె ఆవిరి చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడేది. ఇంజనుకు పడిశం పట్టిందని నవ్వుకుని, ఒక బెండును కత్తితో చెక్కి ఆ గొట్టంలో బిగించాను. చుక్కలు ఆగాయి. మా ఆవిడకు కూడా చూపించాను. పోయే దారి మూశాక లోపలి గ్యాసు ఊరుకుంటుందా? పాస్కల్ చెప్పినట్టే అన్ని వైపులా నెట్టి, మెత్తగా దొరికిన చోట, వెనక సీలు దగ్గర, నూనెను తోసుకుంటూ దారి చేసుకుంది. ఆ నూనె ప్లేటు మీద పడింది. ప్లేటు జారింది. డ్రైవరు కాలు ఎక్కడా లేదు ఇందులో.

“నేనే,” అన్నాను. “బెండూ నేనే. పోయినసారి క్లచ్చు ఏసిందీ నేనే. హన్మకొండల ఎవలు లేరు. సీలు మార్చలె. పాత ప్లేటు మీద నూనె ఉండె.”

మేస్త్రి నవ్వుతాడనుకున్నాను. నవ్వితే బాగుండేది. “సీలు రూ.360 సారూ,” అన్నాడు. బిల్లులో మాస్టర్ సిలిండరు కూలి కొట్టేయబోయాడు, నేను ఒప్పుకోలేదు. బయల్దేరేటప్పుడు బెండును పేపరు ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు. “పైలంగ దాసుకోండ్రి.”

ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. షెడ్డులో దీపం వేసి తాళాలు తగిలించబోయి గోడ చూశాను. మూడు నెలలుగా రోజూ చూస్తున్న గోడే. తెల్లటి సున్నం మీద, ప్లేటు కింది అంచు నుంచి మొదలై నేల దాకా, జానెడు వెడల్పున నల్లటి నూనె చార. మాడి నల్లబడ్డ ప్లేటయితే ఎండి ఉండాలి, గోడంతా ఇట్లా ఏడవదు. మేస్త్రి చేసినట్టే రివెట్టు గుంతలో గోరు పెట్టాను. సగం దాకా దిగింది. అతనికి రోజూ కనబడాలని నేను తగిలించిన సాక్ష్యాన్ని అతను రోజూ చదువుకునే ఉంటాడు.

మర్నాడు రూ.6,000 జేబులో పెట్టుకుని బండి వేసుకునే ఉప్పుగల్లు పోయాను. యాసంగి నాట్ల కాలం. ఇంటి దగ్గర లేడు, పొలం దగ్గర ఉన్నాడన్నారు. ఇనుప చక్రాల ట్రాక్టరుతో ఎవరిదో మడి కలుపుతున్నాడు. నన్ను చూసి గట్టు దాకా తెచ్చి ఇంజను ఆపాడు. మోకాళ్ల దాకా బురద.

చెప్పాను. బెండు నుంచి మొదలుపెట్టి గోడ దాకా మొత్తం చెప్పాను. మధ్యలో చేతులు వెనక్కి కట్టుకున్నాను, అలవాటుగా లేస్తాయేమోనని.

“బెండు సంగతి నాకు ఎరుక లేదు సారూ,” అన్నాడు. “సుక్కలు పడుతున్నయని మాత్రం ఎరుక. గందుకే డబ్బా పెడుతుంటి.”

మరి చెప్పొచ్చు కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

డబ్బు లెక్కపెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ పనికి రమ్మని నేను అడగలేదు, అతనూ ఆ ఊసెత్తలేదు. “ఇప్పుడెవలు నడుపుతుండ్రు సారూ?” అన్నాడు. “నేనే,” అన్నాను. అతను రోడ్డు మీదున్న బండి వైపు చూశాడు. గట్టు దిగి, కాలువలో చేతులు కడుక్కుని, బండి దగ్గరికి నడిచి, ఇంజను వెనకభాగం కింద గొంతుక్కూర్చున్నాడు. కొద్దిసేపు చూశాడు. తర్వాత కిందినుంచి హౌసింగు అంచును వేలితో తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఏం లేదు గద?” అన్నాను.

“ఇంకో నెల సూడాలె సారూ,” అన్నాడు.